కత్తి ఎవరిదైతేనేం, గడ్డి వేసేదెవరు?

భూస్వామ్యం చచ్చి చాలాకాలమైందని చరిత్ర పుస్తకాలు తేల్చేశాయి. జపాన్ 1871లో సంస్థానాలను రద్దుచేసింది. 1876లో సామురాయ్ నడుముకు కత్తి వేలాడకూడదని ఆజ్ఞ వేసింది. ఐరోపాలో నైట్‌ల ఆట అంతకు చాలా ముందే కట్టు. మిగిలింది మ్యూజియాల్లో ఇనుప చొక్కాలు, ఫోన్లలో ఆటలు. ఇంత ధీమాగా రాసిన పండితులకు పాపం ఎవరూ కబ్ద్‌కు వీసా ఇచ్చినట్టు లేదు.

కువైట్ సిటీకి నైరుతిన ఎడారిలో ఉంటుంది కబ్ద్. కనుచూపు మేర జాఖూర్‌లు. రేకుల కంచె, లోపల గొర్రెలు, మేకలు, ఒంటెలు. స్తోమతున్న చోట మేలుజాతి అరబ్బు గుర్రాలు. ఒక పక్క తివాచీలు పరిచి, ఏసీ బిగించిన దివానియా అనే బైఠక్. ఇంకో పక్క రేకుల గది, అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు వేలాడే ఫోన్ చార్జరు, ఒక మనిషి. ఆ మనిషిది సూడానో బంగ్లాదేశో కావచ్చు. రాయచోటి, రాజంపేట, బద్వేలు కూడా కావచ్చు. ఫజర్ నమాజుకు ముందే లేచి గడ్డిమోపుల కట్లు కోస్తాడు, బార్లీ తూచి పోస్తాడు. జూలైలో మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. గొర్రె మూతి పెట్టి వెనక్కి లాక్కుంటుంది. అందుకని తెల్లవారకుండానే తొట్లు నింపి నీడకు చేర్చాలి. ఈ దేశంలోనే మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించరాదని సర్కారు నిషేధం ఉంది. నిషేధం సంగతి గొర్రెలకు ఎవరూ చెప్పలేదు. అవి పన్నెండింటికి కూడా అరుస్తాయి.

గురువారం రాత్రి ల్యాండ్ క్రూజర్ వస్తుంది. ప్రభువు దిగుతాడు. గుర్రం మెడ నిమురుతాడు. ఖహ్వా ఫింజాన్లు కదులుతాయి.

ఇంత చక్కటి కోట, ప్రభువు, గుర్రం, సేవకుడు కళ్లెదుట ఉంటే మన కుర్రాళ్లు రాత్రంతా ఫోన్లో తన్నుకునేది దేనికయ్యా అంటే, సామురాయ్ గొప్పా, నైట్ గొప్పా అని. కటానాకు ఇనుప కవచం తెగుతుందా తెగదా అని. తెగదు. తెంచడానికి చేసింది కూడా కాదు. సామురాయ్ మొదట విలుకాడు, తర్వాత ఈటెగాడు. కత్తిని అతని ఆత్మగా కొలిచింది యుద్ధాలు తగ్గి తీరిక పెరిగాక. కవచం తొడిగినవాడి మీదికి నైట్ కూడా కత్తికన్నా గదనో గొడ్డలినో నమ్ముకుని పోయేవాడు. తేలిపోయింది కదా, ఇక ఆ ఇద్దరి గుర్రాలకు దాణా పెట్టిందెవరో అడుగుదాం. ఈ ప్రశ్నకు లైకులు రావు.

జీతం లెక్క చూద్దాం. నైట్‌కు ప్రభువు భూమి ఇచ్చేవాడు. బదులుగా ఏడాదికి నలభై రోజులు యుద్ధానికి పోవాలన్నది చాలాచోట్ల వాడుక. నలభై ఒకటో రోజున "ఇక నా ఖర్చు నీదే" అని ప్రభువుతో బేరం పెట్టుకోవచ్చు. సామురాయ్‌కు బియ్యం. ఒక కొకు అంటే ఇంచుమించు నూట యాభై కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి. హోదాను బట్టి ఎన్ని కొకులన్నది. ఆ బియ్యం పండించిన రైతు పంటలో ఇంచుమించు సగం దొర గాదెకు తోలి, తాను జొన్నలూ కొర్రలూ తిన్నాడు. 1588లో జపాన్ పాలకుడు హిదెయోషి రైతుల దగ్గరున్న కత్తులన్నీ ఊడ్చుకుపోయాడు. మూడేళ్ల తర్వాత, రైతు రైతుగానే చావాలి, సిపాయి సిపాయిగానే పుట్టాలి అని గీత గీశాడు. ఆ గీతకు పైనున్నవాళ్ల బొమ్మలే ఇవాళ టీషర్టుల మీద కనిపిస్తాయి. కింద ఉన్నవాడి బొమ్మ వేసుకునే ఫ్యాషన్ ఇంకా రాలేదు.

కబ్ద్ సేవకుడికి నలభై రోజుల వాడుక లేదు, మూడువందల అరవై అయిదూ సేవే. చట్టం లేదని కాదు. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి రోజుకు పన్నెండు గంటలకు మించి పని వద్దంది, వారానికొక సెలవంది, ఏడాదికి ముప్ఫై రోజులు జీతంతో సెలవంది. 2016లో కనీస జీతం అరవై దినార్లన్నారు. భేషైన చట్టం. కాకపోతే గొర్రెకు వారపు సెలవు లేదు, కాబట్టి కాపరికీ లేదు. ఖాదిమ్ వీసా మీద ఇంటి పనికని తెచ్చి గొర్రెల మధ్య దింపితే, "ఇది ఇల్లు కాదు కదా బాబా" అని అడగడానికి ఇన్‌స్పెక్టరు కావాలి. ఇన్‌స్పెక్టరుకు దారి తెలియాలి. ఇసుకలో జాఖూర్‌కూ జాఖూర్‌కూ తేడా గుర్తుపట్టేది ట్యాంకర్ డ్రైవరు ఒక్కడే.

పాస్‌పోర్టు దాచుకోవడం కూడా నేరమే. అయినా అది యజమాని బాబా ఇంట్లో బీరువాలో ఉంటుంది, భద్రంగా. ఈ విద్యలో జపాన్‌ను ఏలిన తోకుగావా షోగన్‌లు సిద్ధహస్తులు. 1635 నుంచి ప్రతి సంస్థానాధీశుడూ వంతులవారీగా షోగన్ రాజధాని ఎదోలో కాపురం ఉండాలన్నారు. తాను ఊరికి పోయినప్పుడు పెళ్లాంపిల్లలు మాత్రం ఎదోలోనే, జామీనుగా. హకోనే చెక్‌పోస్టులో రెండింటి మీద కన్నేసేవారు: లోపలికి వచ్చే తుపాకులు, బయటికి పోయే ఆడవాళ్లు. కోట గోడ బలం కన్నా గేటు దాటే మనిషి మీద పట్టు ముఖ్యమని వాళ్లకు తెలుసు. కువైట్‌లో 2025 జూలై 1 నుంచి 18 నంబరు వీసా వాళ్లు, అంటే కంపెనీ ఉద్యోగులు సైతం, దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ చూపించాలి. అర్జీ పెట్టడం ఆన్‌లైన్‌లోనే, చాలా సులువు. హకోనేలో పాపం కాగితాల మీద రాసేవారు.

ఇప్పుడు గడ్డిపోచ కథ. ఐరోపాలో నైట్ ప్రభువు ముందు మోకాళ్ల మీద కూచుని, రెండు చేతులూ ఆయన చేతుల్లో పెట్టి "నీ మనిషిని" అని ఒట్టేసేవాడు. సినిమాల్లో చూపించేది ఇంతవరకే. చూపించనిది రెండో సగం. ప్రభువు కూడా మాట ఇచ్చేవాడు: కాపాడతాను, నిలబెడతాను అని. ఆయన మాట తప్పితే నైట్ తన ఒట్టు తీసి గట్టున పెట్టవచ్చు. దానికీ ఒక తంతు ఉంది. 1127లో ఫ్లాండర్స్ ప్రభువు హత్య తర్వాత జరిగిన గొడవల్లో, ఇక నువ్వు మా దొరవు కావని తెగతెంపులు చేసుకున్నవాళ్లు గడ్డిపోచ విసిరి చెప్పారని ఆనాటి బ్రూజ్ గుమాస్తా గాల్బెర్ట్ రాసిపెట్టాడు. ఒక్క గడ్డిపోచ. కబ్ద్‌లో గడ్డికి కరువా? ఒక్కో జాఖూర్‌లో మోపులకు మోపులు. అక్కడినుంచి ఎన్ని పోచలు విసిరినా గాలికి తిరిగొచ్చి మొహానే పడతాయి. ఎందుకంటే ఇక్కడ ఒట్టు ఒకవైపే. పనివాడు మానేస్తే పరారీ కేసు. యజమాని జీతం మానేస్తే, "బుక్రా" అనే మాట. రేపు.

దొర లేని సామురాయ్‌ను రోనిన్ అన్నారు. 1701లో దొర అసానో చచ్చిపోతే, ఆకో రోనిన్లు 47 మంది కాచుకుని కాచుకుని 1703లో పగ తీర్చుకున్నారు. ఆ తర్వాత వాళ్లలో 46 మంది ఆజ్ఞ ప్రకారం పొట్టలు కోసుకున్నారు. నాటకాలు, బొమ్మలాటలు, సినిమాలు, సమాధుల దగ్గర ఇప్పటికీ అగరుబత్తీలు. దొర లేని కువైట్ కూలీని మనవాళ్లు ఖల్లివల్లి అన్నారు. వాడి మీద నాటకం రాలేదు. వాడు జ్లీబ్‌లో హసావి గల్లీల్లో ఒక గదికి పదిమందిలో ఒకడై, చెకింగ్ అనగానే మెట్లు దిగే చప్పుడును బట్టి పోలీసో కాదో పోల్చుకుంటూ బతుకుతాడు. రోనిన్‌కు కత్తి ఉంచుకునే హక్కయినా ఉండేది, వీడి దగ్గర బతాకా అనే గుర్తింపు కార్డు కూడా ఉండదు. అప్పుడప్పుడు సర్కారు ఆమ్నెస్టీ ఇస్తుంది: 2018లో ఇచ్చింది, 2020లో ఇచ్చింది, 2024లో ఇచ్చింది. మేలే, కాదనను. వేలమంది ఇళ్లకు చేరారు. కానీ ఆ వరసలో నిలబడి క్షమించమన్నది జీతం ఎగ్గొట్టినవాడు కాదు, ఎగ్గొట్టించుకున్నవాడు.

"అన్నా, అందర్నీ ఒకే గాట కట్టొద్దు, మా బాబా దేవుడు" అనేవాళ్లున్నారు. నిజమే. పనివాడి కూతురి పెళ్లికి డబ్బు పంపిన బాబాలను, ఆస్పత్రిలో పనివాడి పక్కన కూచున్న మామలను, అంటే యజమానురాళ్లను, నేనెరుగుదును. పల్లెల్లో మనకు కూడా మంచి దొరలుండేవారు. జపాన్‌లో దయగల సంస్థానాధీశులుండేవారు, ఫ్రాన్సులో ధర్మప్రభువులుండేవారు. రోగం అక్కడే ఉంది. నీ జీతం, నీ నిద్ర, నీ తల్లి చస్తే చూడబోయే దారి, ఇవన్నీ ఒక మనిషి మంచివాడా కాదా అన్నదాని మీద ఆధారపడితే, దాన్నే చరిత్ర పుస్తకాల్లో భూస్వామ్యం అంటారు. మంచి బాబా దొరకడం లాటరీ. లాటరీ తగిలినవాడు టికెట్ల అమ్మకాన్ని సమర్థిస్తాడు, సహజం.

నైట్‌ల మర్యాద గురించి కూడా మనవాళ్లకు మహా మురిపెం. ఆడవాళ్లకు తలుపు తీసేవారట. ఏ ఆడవాళ్లకు? సాటి కోటల్లోవాళ్లకు. యుద్ధంలో సాటి నైట్‌ను పట్టుకుంటే చంపరు, విందు పెట్టి, సొమ్ము తెప్పించుకుని వదులుతారు. రైతును పట్టుకుంటే సొమ్ము రాదు, కాబట్టి విందూ లేదు. శౌర్యానికి పేరుమోసిన ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్స్ 1355లో దక్షిణ ఫ్రాన్సు పొడవునా చేసిన ఘనకార్యం ఊళ్లు తగలబెట్టడం. అంతకు చాలా ముందు, 989లోనే, ఫ్రాన్సులోని షారూలో బిషప్పులు కూడి పేదవాడి గొర్రెను, మేకను, ఆవును, గాడిదను దోచుకున్నవాడికి మతబహిష్కారమని ప్రకటించాల్సి వచ్చింది. దోచుకునే మహానుభావులెవరో వేరే చెప్పాలా? సామురాయ్ మర్యాదా అంతంతే. తనను అవమానించిన సామాన్యుణ్ని అక్కడికక్కడే నరకవచ్చని చట్టమే ఉండేది. నరికాక అధికారికి కబురు చెప్పాలి. పద్ధతి పద్ధతే.

మరి ఇంత పవిత్రమైన పేరు ఎలా వచ్చింది? సరుకు పోయాక దుకాణం పెట్టడం వల్ల. సామురాయ్‌లు పోయాక, 1900లో నితొబే ఇనాజో "బుషిదో" పుస్తకం అచ్చేశాడు. రాసింది అమెరికాలో కూచుని, ఇంగ్లీషులో. నైట్‌లు పోయిన శతాబ్దాల తర్వాత స్కాట్లండ్ నుంచి వాల్టర్ స్కాట్ "ఐవన్‌హో" పంపాడు. ఇందులో మనమేం తక్కువ తినలేదు. కాకతీయుల నాయంకరం ఏమిటి? భూమి తీసుకో, సైన్యం పెట్టు, పిలిస్తే రా. సాక్షాత్తూ అదే ఒప్పందం. రాయలసీమ పాళెగాళ్లను 1800 తర్వాత మన్రో దొర ఒక్కొక్కణ్నే అణిచాడు. అయినా ఇవాళ్టికీ మా తాత పాళెగాడంటే మా తాత పాళెగాడని ఫ్లెక్సీలు లేస్తాయి. అంతమంది పాళెగాళ్లే అయితే ఆ సీమలో సేద్యం చేసిందెవరో అంతుబట్టదు. పాళెగాడు ఫ్లెక్సీ ఎక్కాడు, పాలేరు మనవడు కువైట్ విమానం ఎక్కాడు. మన దేశంలో వెట్టిచాకిరీని 1976లో చట్టంతో రద్దు చేశారు కదా. అది పోయిందని కాదు, పాస్‌పోర్టు తీసుకుంది.

కబ్ద్‌లో ఒంటె పందేలు కూడా జరుగుతాయి. ఒకప్పుడు గల్ఫ్‌లో ఒంటెల మీద బక్కపిల్లలను కట్టి తోలేవారు, బరువు తక్కువని. లోకం ఛీ కొట్టాక 2005 ప్రాంతంలో రోబో జాకీలు వచ్చాయి. రంగు చొక్కా, చేతిలో తిరిగే కొరడా, వీపులో వైర్‌లెస్. యజమాని పక్కన కారులో ఉరుకుతూ మైకులో అదిలిస్తాడు. మంచి పరిణామం. గొర్రెల దగ్గరికి మాత్రం రోబో రాలేదు. వస్తుందని కూడా నేననుకోను. రోబో ఖరీదెక్కువ, ఎండకు చెడుతుంది, చెడితే కొన్నవాడే బాగుచేయించుకోవాలి.

ఇన్ని మాటలెందుకు, ఒక సామురాయ్‌ను, ఒక నైట్‌ను తెచ్చి రాయచోటి ఏజెంటు ముందు నిలబెడదాం. ఏజెంటు ఎగాదిగా చూస్తాడు.

"ఏం పనొచ్చు?"

"గుర్రపు స్వారీ, యుద్ధం" అన్నాడు నైట్.

"గుర్రాలొచ్చు గదా, సాల్లే. డ్రైవర్ ఈసా ఏపిచ్చా."

"నేను ప్రభువు కోసం ప్రాణమిస్తాను" అన్నాడు సామురాయ్.

"ఆ మాట యాడా అనొద్దు సామీ. జీతం తగ్గిచ్చారు."

ఎయిర్‌పోర్టులో కత్తులు పోయాయి. పాస్‌పోర్టులు బాబా మనిషి జేబులోకి పోయాయి. వేలిముద్రలు, రక్తపరీక్ష, ఎక్స్‌రే అయ్యాక పికప్ వెనక కూచోబెట్టి జాఖూర్ దగ్గర దింపారు. అక్కడ వీళ్ల కన్నా ముందునుంచీ ఉన్న కడప పెద్దాయన కుబ్బూస్ రొట్టె కాల్చుకుంటున్నాడు.

నైట్ చుట్టూ చూశాడు. "నా స్క్వైర్ ఏడీ? గుర్రానికి దాణా పెట్టే మనిషి?"

"ఆ మనిషివి నువ్వే అబ్బీ."

నలభై రోజులు రేకు మీద బొగ్గుతో గీతలు గీసి, నలభై ఒకటో నాడు నైట్ మూట కట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. తన సేవ తీరిపోయిందన్నాడు. రెండేండ్లు అన్నాడు పెద్దాయన. ఏ ప్రభువైనా రెండేళ్లు అడుగుతాడా అన్నాడు నైట్. అడగరు, రాసుకుంటారు అన్నాడు పెద్దాయన. నైట్ ఊరుకోలేదు. మోపులోంచి గడ్డిపోచ తీసి, తాతముత్తాతల పద్ధతిలో, బాబా కారు ముందు విసిరాడు. మేక వచ్చి తినేసింది.

సామురాయ్‌కు తిండి గొడవ లేదు. బాస్మతి మూట చూసి ఎన్ని కొకులో లెక్కేసుకున్నాడు. మూడు నెలలు జీతం రాకపోయేసరికి కూడా కంగారు పడలేదు. "మా దగ్గరా ఇంతే. ఖజానాకు ఇబ్బందైతే దొర మా భత్యంలో సగం అప్పు కింద రాసుకునేవాడు" అన్నాడు.

"మళ్లీ ఇచ్చేటోడా?"

"లేదు."

"అట్లయితే నువ్వు ఈడికే పుట్టినావు నాయనా" అన్నాడు పెద్దాయన.

ఒక శుక్రవారం కంచె అవతల షామియానా వేశారు. కార్తీక వనభోజనాలు. బస్సుల్లో తెలుగు కుటుంబాలు దిగాయి. పిల్లలకు లెమన్ స్పూన్, పెద్దలకు సన్మానాలు, మైకులో వంశప్రతాపం. మధ్యాహ్నానికి కుర్రాళ్లు మైకు లాక్కుని అరుచుకోవడం మొదలుపెట్టారు. సామురాయ్, నైట్ అన్న మాటలు చెవినబడి ఇద్దరూ పని ఆపారు.

"మన పేర్లు ఎత్తుతున్నారేమిటి?"

"మీ ఇద్దర్లో ఎవురు గొప్పోడో తేలుచ్చాండారు."

"తేలిందా?"

"బిర్యానీ దించినారు. వచ్చే యేటికి వాయిదా."

కాసేపటికి కంచె దగ్గరికి ఒకాయన వచ్చాడు. బాబుకు గుర్రమెక్కి ఫొటో దిగాలని ఉందట, అన్నలు కాస్త పట్టుకుంటారా అని. బాబు చేతిలో ప్లాస్టిక్ కత్తి. నైట్ కళ్లెం పట్టుకున్నాడు, సామురాయ్ పిల్లవాణ్ని ఎత్తి జీనుమీద కూచోబెట్టాడు. ఆ నాన్న రెండడుగులు వెనక్కి వేసి, ఫోన్ పట్టుకున్న బావమరిదితో అన్నాడు:

"ఆ ఇద్దరు పనోళ్లు పడకుండా తీయరా."